తలుపు లోపలి గొంతు

మావగారి కారు ముందు తలుపుల్లో ఉన్న స్పీకర్లు రెండూ ఒకదాని వెనక ఒకటి పోయాయి. ముందు ఎడమవైపుది గొంతు బొంగురుపోయింది. తర్వాత కుడివైపుది గరగరలాడింది. చివరికి రేడియోలో వార్తలు చదివే ఆవిడ రోజూ జలుబుతోనే మాట్లాడుతున్నట్టు వినిపించసాగింది. మావగారు కొన్నాళ్ళు సౌండు తగ్గించి సర్దుకున్నాడు, కొన్నాళ్ళు పెంచి సర్దుకున్నాడు. ఇక లాభం లేదని తేలాక కార్ల సామాను అమ్మే షాపుకి వెళ్ళి ధర అడిగి, మొహం గంటు పెట్టుకుని తిరిగొచ్చాడు.

"ఆ డబ్బుకి తలుపులే కొత్తవి వస్తాయి. పైగా బిగించడానికి కూలి వేరేనట. ఏం, మనకి చేతుల్లేవా? మనమే మారుద్దాం" అన్నాడు.

మనమే అంటే అల్లుడే అని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

అల్లుడు ఇల్లరికం వచ్చినవాడు. పెళ్ళయిన కొత్తలో "మంచి ఇల్లు దొరికేదాకా ఇక్కడే ఉండండి" అన్నారు. మంచి ఇల్లు దొరకలేదు, ఎవరూ వెతకలేదు కాబట్టి. పగలంతా మావగారి రంగుల షాపులో కౌంటరు వెనక నిలబడి రంగులు కలపడం, రాత్రికి మావగారి ఇంట్లో వెనక గదిలో పడుకోవడం. ఆ గదిలో మావగారి బీరువా ఒకటి ఉండిపోయింది. చొక్కా కోసమో, మందుల కోసమో, ఏ పనీ లేకపోతే బీరువా సరిగ్గా వేశానా లేదా అన్న అనుమానంతోనో, ఆయన ఎప్పుడు పడితే అప్పుడు లోపలికి వచ్చేసేవాడు. తలుపు కొట్టేవాడు కాదు. తన ఇంట్లో తన గది తలుపు తానే కొట్టడమేమిటని ఆయన ఉద్దేశం. దాంతో మొగుడూ పెళ్ళాలు ఓ మాట అనుకోవాలన్నా గుసగుసలే, పోట్లాడుకోవాలన్నా గుసగుసలే. గుసగుసగా పోట్లాడుకోవడం ఎంత నరకమో అలా పోట్లాడినవాళ్ళకే తెలుస్తుంది.

మావగారు చెడ్డవాడా అంటే కాదు. చెడ్డవాడైతే ఏ గొడవా లేకపోను. ఓ రోజు మొహమ్మీద నాలుగు మాటలు అనేసి, పెట్టే బేడా సర్దుకుని బయటపడొచ్చు. అల్లుడికి జ్వరమొస్తే షాపు మూసేసి, డాక్టరు గది బయట బల్ల మీద కూర్చున్న మనిషి ఆయన. అలాంటివాడి ఎదుట నిలబడి "మేం వేరే వెళ్ళిపోతాం" అనడానికి అల్లుడికి నోరు పెగల్లేదు. మాట నాలుక చివరిదాకా రావడం, మింగెయ్యడం, మళ్ళీ రావడం, మళ్ళీ మింగెయ్యడం. నెలల తరబడి ఇదే తిండి.

అతని భార్య కళ్ళద్దాల షాపులో పని చేస్తుంది. మొగుడు ఇల్లు వెతుకుతాడని చూసి చూసి, తనే వెతికింది. బేకరీ మేడ మీద రెండు గదులు. తెల్లారకుండానే రొట్టెల వాసన వస్తుందని, మెట్లు ఇరుకని, అయినా ముందు గదికి లోపలి నుంచి వేసుకునే గడియ ఉందని చెప్పింది. గడియ సంగతి రెండుసార్లు చెప్పింది.

"ఇంటాయన ఆదివారం సాయంత్రం దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత వేరేవాళ్ళకి ఇచ్చేస్తాడట. నాన్నకి నువ్వే చెప్పాలి. నేను చెబితే, అల్లుడే వెనకనుంచి ఎగదోశాడనుకుంటాడు. నీ నోటితో చెబితే ఓ పూట కోప్పడి ఊరుకుంటాడు."

"చెప్తాను."

"ఈ మాట చాలాసార్లు విన్నాను. ఈ ఆదివారం కూడా చెప్పకపోతే నేను ఇంకెప్పుడూ అడగను."

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, మంచం మీద దుప్పటి దులుపుతూ మామూలుగా అంది. అల్లుడికి భయం వేసింది అందుకే. అరిచే మనిషిని ఎలాగోలా బతిమాలుకోవచ్చు. అడగడం మానేసిన మనిషిని ఏం చెయ్యాలో అతనికి తెలియదు. ఆ ఇల్లు పోతే ఇంకో ఇల్లు దొరుకుతుందేమో, ఆమె మాత్రం ఇంకోసారి తనని నమ్మి ఏదీ అడగదని అతనికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

అందుకే స్పీకర్ల పని సరిగ్గా ఆ ఆదివారానికే పెట్టుకున్నాడు. స్పీకర్లు బాగా పాడతాయి, మావగారి మనసు కరుగుతుంది, ఆ కరిగిన మనసులో తన మాట మెల్లిగా జారవిడుస్తాడు. ఇదీ పథకం. పిరికివాళ్ళ పథకాలన్నీ ఇలాగే ఉంటాయి, ఎదుటివాళ్ళు ముందు కరగాలి.

పాత ఇనప సామాను షాపులో, గుద్దేసిన ఏదో కారులోంచి ఊడదీసిన జత దొరికింది. మధ్యలో అదిరే కాగితం చిరగలేదు, అయస్కాంతం తుప్పు పట్టలేదు. ఒకటే లోపం, తలుపులో ఉన్న కన్నం కన్నా స్పీకరు చిన్నది. దానికి సరిపడే రింగు కొనుక్కోవాలని వీడియోలో ఒకాయన చెప్పాడు. మావగారు ఆ వీడియో చూసి నవ్వి, షాపు నుంచి నాలుగు లీటర్ల రంగు డబ్బాల మూతలు రెండు తెచ్చి అల్లుడి ముందు పడేశాడు. మధ్యలో గుండ్రంగా కోస్తే అవే రింగులు. రేకు అదరకుండా కింద పాత చెప్పుల స్పాంజి ముక్కలు అతికించారు. ఇంత తెలివి తమకున్నందుకు మామా అల్లుళ్ళిద్దరూ కాసేపు ఒకరినొకరు మెచ్చుకున్నారు కూడా.

పని వీధిలో, వెలుతురులో చెయ్యాలి. కానీ ఎదురింట్లో రిటైరైన ఇంజనీరు ఒకాయన పొద్దస్తమానం వరండాలో కూర్చుని ఉంటాడు. కారు తలుపు విప్పి వీధిలో పెడితే ఆయన లేచొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, "మెకానిక్కుని పిలవలేకపోయారా?" అంటాడు. ఆ ఒక్క మాట పడలేక మావగారు కారుని షెడ్డులోనే ఉంచి పని కానివ్వమన్నాడు.

షెడ్డంటే షెడ్డు కాదు. ఇంటి గోడకీ ప్రహరీ గోడకీ మధ్య సందు మీద రేకులు వేసిన చోటు. కారు అందులోకి వెళ్ళాలంటే ఇంటిల్లిపాదీ గేటు బయటే దిగిపోవాలి. ఎడమ తలుపులకీ గోడకీ మధ్య బెత్తెడు జాగా. కుడివైపు వెనక తలుపుకి అడ్డంగా స్తంభం. తెరుచుకునేది డ్రైవరు తలుపు ఒక్కటే, అది కూడా సగమే, పొట్ట లోపలికి పీల్చుకోగలిగిన వాళ్ళకే.

మధ్యాహ్నం భోజనాలవగానే మొదలుపెట్టారు. ఎడమ తలుపు పని అల్లుడు లోపల ముడుచుకుని కూర్చునే చేశాడు. తలుపు లోపలివైపు ఉండే అట్ట ఊడదీయాలి. మరలు విప్పి, అద్దం తిప్పే పిడి పీకి, అట్ట అంచు పట్టుకుని లాగితే టప్ టప్ మని ఒక్కో క్లిప్పూ ఊడుతుంది. మావగారు బయట నిలబడి ఒక్కో టప్‌కీ "అయ్యో" అన్నాడు. స్పీకరు పెట్టి, అట్ట మళ్ళీ బిగించేసరికి అల్లుడి మెడ పట్టేసింది. కుడి తలుపుకి కొంచెం సుఖం, బయట నిలబడి చెయ్యొచ్చు. అక్కడ కూడా అట్ట తీసి, హ్యాండిలు వెనక తగిలించి ఉన్న సన్నటి తీగ విడదీసి, అట్టని గోడకి ఆనించాడు. మరలు, పిడి, స్క్రూడ్రైవరు బయట స్టూలు మీద పెట్టాడు. ఏ వైరు ప్లస్సో తెలియడానికి టార్చిలైటు బ్యాటరీ ఒకటి స్పీకరుకి తాకించి చూశారు. కాగితం ముందుకు ఉబికితే బ్యాటరీ ప్లస్సు తాకిన వైరే ప్లస్సు. ప్లస్సుకి ఎరుపు, మైనస్సుకి నీలం అనుకుని, వైర్ల మీద రంగు చుక్క పెట్టే పని మావగారిది.

అత్తగారు టీ తెచ్చి బానెట్ మీద పెట్టి వెళ్ళింది. లోపల్నుంచి టీవీ పెద్దగా వినిపిస్తోంది. "అట్ట తర్వాత బిగిద్దువుగాని, ముందు విందాం. ఎక్కు" అన్నాడు మావగారు.

అల్లుడు డ్రైవరు తలుపులోంచి దూరి, గేరు కర్ర దాటి, ఎడమ సీట్లోకి చేరాడు. మావగారు పొట్ట పీల్చుకుని తన సీట్లో కూర్చున్నాడు. రేడియో పెట్టారు. పాట వచ్చింది గానీ అందులో పస లేదు, ఎక్కడో బావిలోంచి ఎవరో పాడుతున్నట్టుంది.

మావగారికి ఓ జబ్బుంది. రంగుల షాపు పెట్టిన జబ్బు. డబ్బా మూత ఒక్క నిమిషం తెరిచి ఉంచితే రంగు మీద పొర కడుతుంది, సరుకు పాడవుతుంది. అందుకని ఏది తెరిచి కనిపించినా ఆయన చెయ్యి దానంతటదే మూసేస్తుంది. డబ్బాలు, ఫ్రిజ్జులు, పక్కవాళ్ళ పెన్నులు. పాట బాగోకపోవడానికి కారణం వెతుకుతూ పక్కకి చూశాడు, తలుపు తెరిచి ఉంది. ఇంకేముంది, ధబ్బున మూసేశాడు.

మూశాక ఆయన చెయ్యి అలవాటుగా హ్యాండిలు కోసం వెతికింది. అక్కడ హ్యాండిలు లేదు. తలుపు పేగులూ వైర్లూ ఉన్నాయి.

"హ్యాండిలేది?"

"అట్టకి ఉంది మావయ్యా."

"అట్టేది?"

అల్లుడు అద్దంలోంచి వేలు చూపించాడు. అట్ట బయట గోడకి ఆనుకుని, హ్యాండిలుతో సహా వీళ్ళ వైపే చూస్తోంది.

"అద్దం దించు" అన్నాడు మావగారు.

"తిప్పే పిడి స్టూలు మీదుంది."

"వెనకది?"

"వెనకది బిగుసుకుపోయి చాలా కాలమైంది కదా. బాగు చేయిద్దామంటే, వెనక కూర్చునేవాళ్ళకి గాలెందుకన్నారు మీరు."

మావగారు ఆ విషయం వదిలేశాడు. అల్లుడి వైపు అద్దం దిగుతుంది, కాకపోతే దిగితే గోడ కనిపిస్తుంది. అల్లుడు దాన్ని దించి, గోడకి మొహం ఆనించి "అత్తయ్యా!" అని రెండు కేకలు పెట్టాడు. గోడ అవతల టీవీలో ఎవరో పెద్దగా ఏడుస్తున్నారు, ఆ ఏడుపు ముందు ఇతని కేకలు నిలవలేదు. ఫోన్లు చూస్తే ఇద్దరివీ ఇంట్లోనే ఉన్నాయి. అల్లుడిది చార్జింగులో, మావగారిది పనిచేసేటప్పుడు దగ్గర ఉండకూడదన్న ఆయన నియమంలో.

"హారన్ కొట్టండి" అన్నాడు అల్లుడు.

"కొడతాను. ఎదురింటాయన పరిగెత్తుకొస్తాడు. అద్దంలోంచి మనిద్దర్నీ చూస్తాడు. రేపట్నుంచి నేను వీధిలో తలెత్తుకు తిరగక్కర్లేదు." హారన్ మీద చెయ్యి కూడా పెట్టలేదు ఆయన. "ఏమీ కాదు. సాయంత్రం అమ్మాయి డ్యూటీ నుంచి వస్తుంది కదా, తీస్తుంది. కూర్చో."

సాయంత్రం అమ్మాయి వస్తుంది. ఆమె వచ్చేసరికి మాట చెప్పి ఉండాలి. ఇక్కడ చూస్తే అల్లుడు గోడకీ మావగారికీ మధ్య ఇరుక్కుని, మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగులుతూ, రేకుల వేడికి చెమట కారుతూ ఉన్నాడు. ఊపిరాడట్లేదంటే అందులో అతిశయోక్తి లేదు.

"ఊరికే కూర్చోవడమెందుకు? ఆ బావి పాట సంగతి చూడు" అన్నాడు మావగారు.

అల్లుడు ఆలోచించాడు. "వైర్లు తిరగబడి ఉంటాయి. ఒక స్పీకరు గాలిని ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. అందుకే బరువు లేదు పాటలో. కుడివైపు ప్లస్సుకి మీరు ఏ చుక్క పెట్టారు?"

"నీలం."

"ఎడమవైపు ఎరుపు పెట్టారుగా?"

"ఎర్ర డబ్బాకి మూత వేసేశాను. ఓ చుక్క కోసం మళ్ళీ తియ్యడమెందుకని నీలంలో ముంచాను."

అల్లుడికి ఓ మాట అనడానికి నోరొస్తే ఇన్ని నెలల నుంచి ఈ బాధేముంది?

కుడి తలుపు స్పీకరు అందాలంటే మావగారి ఒళ్ళో అడ్డంగా పడుకోవాలి, వేరే దారి లేదు. ఇన్నేళ్ళలో ఆయన చెయ్యి కూడా ముట్టుకుని ఎరగడు. ఇప్పుడు ఆయన పొట్టకీ స్టీరింగుకీ మధ్య తల దూర్చి, మోచెయ్యి ఆయన తొడ మీద ఆనించాడు. మావగారు ఊపిరి బిగబట్టి పైకి చూస్తూ కూర్చున్నాడు. మంగలి ముందు కూర్చున్న మనిషిలా ఉన్నాడు.

వైర్లు మార్చి తగిలిస్తుంటే, వాటి పక్కనే ఏదో అల్లుడి వేలికి తగిలింది. సన్నటి ఇనప తీగ. హ్యాండిలు వెనకనుంచి తానే విడదీసిన తీగ. అది గడియ దాకా వెళ్తుంది. దాని కొస పట్టుకుని ఇలా లాగితే చాలు, తలుపు తెరుచుకుంటుంది.

అతని ప్రాణం లేచొచ్చింది. "దొరికింది" అనబోయాడు. తీగ కొస రెండు వేళ్ళతో పట్టుకున్నాడు కూడా. ఆ క్షణంలోనే బుర్రలో ఇంకోటి వెలిగింది. ఈ మనిషి ఎప్పుడైనా ఒక చోట కుదురుగా కూర్చున్నాడా? షాపులో ఓ మాట మొదలుపెడితే బేరం వస్తుంది. ఇంట్లో మొదలుపెడితే ఫోనొస్తుంది, ఏదీ రాకపోతే బీరువా గుర్తొస్తుంది. ఇప్పుడు లేచి వెళ్ళడానికి లేదు. చెప్పాలంటే ఇంతకన్నా మంచి చోటు జన్మలో దొరకదు.

తీగ వదిలేశాడు. చప్పుడు చెయ్యకుండా వెనక్కి జరిగి తన సీట్లో కూర్చున్నాడు. తాళం చేతిలో ఉండి కూడా లోపలే కూర్చోవడం ఎంత కష్టమో అతనికి అప్పుడు తెలియదు.

రేడియో పెట్టారు. పాట ఈసారి నిండుగా వచ్చింది. కింద డోలు మోగుతోంటే ఆ అదురు తొడలకి తెలుస్తోంది. పాడే మనిషి గొంతు ఇద్దరి మధ్యలోకి వచ్చి కూర్చుంది. రంగు డబ్బా మూతలు ఎక్కడా కిర్రుమనలేదు. మావగారు కళ్ళు మూసుకున్నాడు. స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేశాడు. పాట అయిపోయాక కూడా కాసేపు కళ్ళు తెరవలేదు.

అనుకున్నదంతా అనుకున్నట్టే జరుగుతోంది.

"మావయ్యా, మీతో ఓ మాట చెప్పాలి."

"నేనూ నీకో మాట చెప్పాలి" అన్నాడు మావగారు రేడియో కట్టేసి. "పెద్దవాణ్ణి, ముందు నన్ను చెప్పనీ. తర్వాత నాకు ధైర్యం ఉండదు."

ధైర్యం అన్న మాట ఆయన నోట వినడం అల్లుడికి అదే మొదటిసారి.

"ఈ కారు కొన్న దగ్గర్నుంచి దీన్ని నాతో పాటు ముట్టుకున్నవాడు లేడు. నువ్వు మధ్యాహ్నం నుంచి మెడ విరిగేలా చేస్తున్నావు, ఒక్కసారి విసుక్కోలేదు. నేను అన్నీ చూస్తాను, పైకి అనను అంతే." ఆయన నడుముకి గొలుసుతో వేలాడుతున్న షాపు తాళాల గుత్తి విప్పాడు. ఆ గుత్తి ఆ నడుముని వదలడం ఎవరూ చూడలేదు. "మీ అత్తయ్య వాళ్ళ నాన్న ఈ షాపు పెట్టాడు. నేనూ నీలాగే ఈ ఇంటికి అల్లుడిగా వచ్చినవాణ్ణే. ఆయన నా చేతిలో పెట్టాడు. ఇప్పుడు నేను నీ చేతిలో పెడుతున్నాను. బోర్డు మీద నీ పేరు కూడా రాయించమని మొన్నే చెప్పాను. నువ్వున్నావన్న ధైర్యంతోనే నాకు రాత్రిళ్ళు నిద్ర పడుతోంది."

తాళాలు అల్లుడి చేతిలో పెట్టి, వేళ్ళు తానే మూశాడు. ఇనుము వెచ్చగా ఉంది.

తిట్టి ఉంటే బాగుండేది. వాటాకి డబ్బు అడిగి ఉంటే బాగుండేది. ప్రేమగా ఇచ్చినదాన్ని పుచ్చుకుని, ఆ చేత్తోనే "మేం వెళ్ళిపోతాం" అని ఎలా చెప్తాడు? ఎవడు చెప్తాడు? కోపమొచ్చింది అతనికి. ఈ ముసలాయన మీద, ఈ మంచితనం మీద, అన్నిటికన్నా ఎక్కువ తన మీద.

"నువ్వేదో చెప్తానన్నావు?" అన్నాడు మావగారు.

"ఏం లేదు మావయ్యా. స్పీకర్లు బాగున్నాయని."

"బాగున్నాయి, బాగున్నాయి." మావగారు తృప్తిగా సీటు వెనక్కి వాల్చాడు.

రేకుల కన్నాల్లోంచి పడే ఎండ బానెట్ మీద నుంచి జరిగి గోడ ఎక్కింది, గోడ మీద ఎర్రబడింది. మావగారు చిన్న కునుకు తీశాడు. అల్లుడు తాళాల గుత్తి పట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు తలుపు తెరుచుకుని వెళ్ళొచ్చు. వెళ్తే ఎక్కడికి? ఆ వెనక గదికి, ఆ బీరువా దగ్గరికి. కళ్ళెదుట అంతా కనిపించింది. బోర్డు మీద తన పేరు, కౌంటరు వెనక తన పొట్ట, తలుపు కొట్టకుండా వచ్చే మావగారు, ఆయన తర్వాత ఇంకెవరి గదిలోకో తలుపు కొట్టకుండా వెళ్ళే తను.

గేటు చప్పుడైంది. స్కూటరు ఆగింది. భార్య వచ్చింది. "అమ్మా, వీళ్ళేరీ?" అన్న ఆమె గొంతు టీవీ మోత మీదుగా వినిపించింది. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. ఇంకాసేపట్లో ఇటొస్తుంది. ఈ అద్దంలోంచి తన మొహం చూస్తుంది. చూసి, ఏమీ అడగదు.

అల్లుడు ఉలిక్కిపడి ముందుకి వంగాడు. మావగారి ఒడి మీదుగా చెయ్యి చాపి, తీగ కొస పట్టుకుని లాగాడు. క్లిక్ మని తలుపు తెరుచుకుంది. చల్లగాలి వచ్చింది.

మావగారు కళ్ళు తెరిచాడు. తలుపు వంక చూశాడు, తీగ వంక చూశాడు, అల్లుడి వంక చూశాడు. "ఇది ఇంతసేపూ తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసి నన్ను ఈ కుంపట్లో కూర్చోబెట్టావా? ఏం మనిషివయ్యా నువ్వు!" ఆయన గొణుక్కుంటూ ఓ కాలు బయట పెట్టాడు, పొట్ట పీల్చుకున్నాడు.

"దిగకండి మావయ్యా" అన్నాడు అల్లుడు. ఆయన చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. మావగారు బిత్తరపోయి కాలు లోపలికి తీసుకున్నాడు. అల్లుడు ఆయన మీదుగా వంగి తలుపు లాగి ధబ్బున మూశాడు.

"మళ్ళీ ఎందుకు వేశావు?"

"తెరిచి ఉంటే చెప్పలేను." అల్లుడు తన సీట్లోకి జరిగాడు. "మేం వేరే ఇంటికి వెళ్ళిపోతాం. ఇల్లు చూశాం. ఈ సాయంత్రం ఒప్పుకుంటాం."

మావగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎవరేమన్నారు? నేనేమన్నా అన్నానా?"

"లేదు."

"మీ అత్తయ్య?"

"ఎవరూ ఏమీ అనలేదు. మాకు లోపలి నుంచి వేసుకోడానికి ఓ తలుపు కావాలి మావయ్యా. అంతే." చెప్పాక అతనికి ఏడుపొచ్చినంత పనైంది. తాళాల గుత్తి డాష్‌బోర్డు మీద పెట్టాడు. "షాపుకొస్తాను. రోజూ వస్తాను. మీరు ఈ తాళాలు నాకిచ్చినా సరే, మీ దగ్గరే ఉంచుకున్నా సరే. ఇంటికి మాత్రం మా ఇంటికే వెళ్తాను."

"తలుపు తియ్యి."

"తీస్తాను. ముందు తిట్టండి."

మావగారు తిట్టలేదు. స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని, ఎదురుగా ఉన్న గోడని చూస్తూ కూర్చున్నాడు, రోడ్డు మీద పోతున్నట్టే.

"మీ అత్తయ్య వాళ్ళ నాన్న ఈ తాళాలు నా చేతిలో పెట్టిన రోజున, నేను ఆయన దగ్గరికి వెళ్ళింది తాళాల కోసం కాదు."

అల్లుడు ఆయన వైపు తిరిగాడు.

"వేరే ఉంటామని చెప్పి వస్తానన్నాను మీ అత్తయ్యతో. మాటిచ్చి వెళ్ళాను. నేను నోరు తెరిచేలోగా ఆయన ఇవి తీసి చేతిలో పెట్టాడు. నువ్వే నాకు కొడుకువన్నాడు. ఇంకేం చెప్తాను? తిరిగొచ్చాను. గుమ్మంలోనే నిలబడి ఉంది. చెప్పావా అని అడిగింది. మీ నాన్న ఏమిచ్చాడో చూడు అని తాళాలు చూపించాను."

"అత్తయ్య ఏమంది?"

"ఏమీ అనలేదు. లోపలికెళ్ళి అన్నం వడ్డించింది." మావగారు డాష్‌బోర్డు మీది తాళాల గుత్తిని ఓసారి తాకాడు. "ఆ తర్వాత నన్ను ఏదీ అడగలేదయ్యా. ఈ రోజు దాకా ఏదీ అడగలేదు."

ఇంటి వైపు నుంచి అడుగుల చప్పుడు షెడ్డులోకి వస్తోంది.

"అమ్మాయొస్తోంది. తలుపు తియ్యి" అన్నాడు మావగారు. "అది అడిగేదాకా ఆగకు."